మెడగంటలు మూగబోయిన రాత్రి

ఓర్తుయి బురుజు మంచిది కాదు. లొడ్డునె ఊళ్ళో ఏ ముసలమ్మని అడిగినా ఈ మాట చెబుతుంది. ఎందుకు మంచిది కాదో మాత్రం చెప్పదు. గుండెల మీద శిలువ గుర్తు వేసుకుని, ఆ యేటి ఆలివ్ కాపు గురించి మాట్లాడటం మొదలుపెడుతుంది.

సార్డీనియా దీవిలో అలాంటి బురుజులకి లెక్కలేదు. సున్నం లేదు, మట్టి లేదు... రాయి మీద రాయి. ఎవరు పేర్చారో, ఏ భయానికి పేర్చారో చెప్పగలవాళ్ళు లేరు. మిగతా బురుజుల నీడన గొర్రెలు పడుకుంటాయి, కాపరులు రొట్టె తింటారు. ఓర్తుయి దగ్గర మాత్రం పొద్దువాలాక ఎవరూ నిలబడరు. కొండదారి దాని పక్కనుంచే పోతుంది. అయినా సాయంత్రం చర్చి గంట కొట్టాక ఆ వైపు వచ్చేవాడు వాగులోకి దిగి, ముళ్ళు గీరుకుని, చుట్టూ తిరిగి ఇల్లు చేరతాడు గాని — బురుజు ముందునుంచి రాడు.

అలాంటి చోట బంతినెకి జరిగిన సంగతి ఇది. ఆ కొండల్లో ఎలా చెప్పుకుంటారో అలాగే చెప్పాలి.

బురుజుకి ఆనుకుని రాళ్ళగోడల గొర్రెల దొడ్డి ఒకటి ఉంది. అది బంతినెది. అంటే — బంతినెదీ, అతని అక్క గ్రాస్సియాదీ. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఒకే మంద. వాళ్ళకి సెంటు పొలం లేదు, నెల జీతం లేదు. తమ్ముడు మేపేవాడు, పాలు పితికేవాడు. అక్క చీజు చేసేది. ఆ గొర్రెలున్నంతకాలం వాళ్ళకి అన్నీ ఉన్నట్టే. అవి లేకపోతే ఏమీ లేనట్టే.

ఇంట్లో మాటలన్నీ అక్కవి. బంతినె నోరు తెరిస్తే ఆవిడ, "తిని పడుకో" అనేది. వైను కొట్లో అతను ఒక సంగతి మొదలుపెడితే, అది ముగిసేలోపు పక్కవాడు వేరే సంగతి ఎత్తుకునేవాడు. యాభై ఏళ్ళు దాటాయి. అతని మాట చివరిదాకా విన్నది గొర్రెలే.

అప్పుడొచ్చారు నడకవాళ్ళు.

పట్నంనుంచి ఎవరో వచ్చి కొండదారి పొడుగునా రాళ్ళ మీద ఎరుపూ తెలుపూ గీతలు పూసి వెళ్ళారు. ఆ గీతలు పట్టుకుని సముద్రం అవతలి మనుషులు దిగారు. వీపున సంచి, రెండు చేతుల్లో రెండు కర్రలు. పాత బురుజులన్నీ చూడాలన్నారు. చూపించే మనిషి కావాలన్నారు. మేత ఎక్కడుందో, నీళ్ళెక్కడున్నాయో, ఏ రాయి కదులుతుందో తెలిసినవాడు గదా అని బంతినెని పెట్టుకున్నారు.

మొదటిరోజు ఓర్తుయి ముందు నిలబడి తనకి తెలిసిన నిజం చెప్పాడు. "పాతది," అన్నాడు. నడకవాళ్ళు తలలూపి ముందుకి సాగిపోయారు.

రెండోసారి, "ఇక్కడ చిరిగు అని ఒక కాపరి ఉండేవాడు," అన్నాడు. ఇద్దరు ఆగారు.

మూడోసారి, "చిరిగు ఇక్కడే చచ్చిపోయాడు," అన్నాడు. అందరూ ఆగారు. సంచులు దించి రాళ్ళ మీద కూర్చున్నారు. అతని నోటివైపే చూశారు.

చిరిగు చచ్చిపోయిన మాట నిజమే. కానీ బురుజులో కాదు. పట్నం ఆసుపత్రిలో, నిండు ముసలితనంలో, సూపులో ఉప్పు లేదని నర్సుని తిడుతూ పోయాడు. ఆ చావు గురించి వినడానికి ఎవరు కొండెక్కి వస్తారు? బంతినె చిరిగుని బురుజులోకి తెచ్చాడు. మంచుతుపానులో చిక్కించాడు. మందతో సహా చంపాడు. ఆ తరవాత రాత్రిపూట తిప్పడం మొదలుపెట్టాడు.

వినేవాళ్ళు దొరికిన మనిషికి తను అబద్ధమాడుతున్నట్టు అనిపించదు. చెప్పేదాన్ని కాస్త బాగుచేస్తున్నాననుకుంటాడు. బంతినె వారానికొక మాట చేర్చాడు. అన్నిటికన్నా బాగా కుదిరిన మాట ఇది:

"చిరిగు ఊరికే రాడు. వచ్చేముందు గుర్తు చూపిస్తాడు. గొర్రె నిద్రలో కూడా నెమరు వేస్తుంది, మెడ కదులుతుంది, గంట చిన్నగా మోగుతూనే ఉంటుంది. వింటున్నారా? ఆ దొడ్డిలో మోగుతున్నాయే — అవే. చిరిగు దగ్గరికొస్తుంటే అవి ఒక్కొక్కటే ఆగిపోతాయి. చివరి గంట ఆగిందంటే..."

అక్కడ ఆపేసేవాడు. మిగతాది వాళ్ళే ఊహించుకుని భయపడేవాళ్ళు.

ఒకటే చిక్కు వచ్చింది. దొడ్డి దగ్గర కాపలా ఉండే కుక్క, మురూ. కొత్త మనుషుల వాసన తగిలితే చాలు, కథ మధ్యలో గొంతెత్తి మొరిగేది. నడకవాళ్ళు నవ్వేవాళ్ళు. బంతినె దాన్ని ఇంటికి తెచ్చి పెరట్లో కట్టేశాడు.

"కుక్కని ఎందుకు కట్టేశావురా?" అంది గ్రాస్సియా.

"అరుస్తోందక్కా."

"అరవక పాట పాడుతుందా? అవతలి లోయలో పీరాసు మంద మొన్న రాత్రికి రాత్రే పోయింది, విన్నావా? ఒక్క పిల్ల కూడా మిగల్లేదు. ఆ మనిషి గోడకి జేరబడి ఏడుస్తున్నాడట."

"అది అవతలి లోయ. ఓర్తుయికి చీకటిపడ్డాక ఎవడొస్తాడు? అక్కడ చిరిగు ఉన్నాడు."

"ఏ చిరిగు? సూపులో ఉప్పు లేదన్న చిరిగేనా?"

"నువ్వు నవ్వుకో. నడకవాళ్ళ నోట పడి ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ళన్నీ భయపడుతున్నాయి. వంద కుక్కల పెట్టు అది."

గ్రాస్సియా చీజు పిండుతున్న చేతులు ఆపి తమ్ముడి ముఖంలోకి చూసింది.

"ఒరేయ్... నువ్వే పుట్టించి, నువ్వే నమ్ముతున్నావా?"

బంతినె టోపీ తీసుకుని బయటికి నడిచాడు. బయట పదిమంది ఎదురుచూస్తున్నారు. అతను చెప్పేది వినడానికి.

అది మే నెల. గాలి లేదు. కొండ మీద ఎండుతున్న తుప్పల వాసన. పొద్దు అప్పుడే గుంకింది. నడకవాళ్ళు నుదుటి దీపాలు వెలిగించుకుని ఒకరి వెనక ఒకరు దారి ఎక్కారు. వాళ్ళలో ఎర్మీనియా అని తోరీనో నగరంనుంచి వచ్చిన పంతులమ్మ ఉంది. ఉద్యోగం మానేసినా ప్రశ్నలు అడగడం మానలేదు.

దారి మలుపు తిరిగినచోట, చిన్న లోయకి ఇవతల, బల్లపరుపు బండ ఉంది. అక్కణ్ణుంచి చూస్తే ఎదురుగా బురుజు, దాని కాళ్ళ దగ్గర దొడ్డి. గట్టిగా రాయి విసిరితే పడేంత దూరం. బంతినె అక్కడే అందరినీ ఆపి కథ మొదలుపెట్టాడు. మంచు కురిపించాడు. చిరిగుని చంపాడు. అవతల గంటలు ఎప్పటిలాగే సన్నగా మోగుతున్నాయి.

"...అవి ఒక్కొక్కటే ఆగిపోతాయి," అన్నాడు. ఆపాడు.

గంటలు ఒక్కసారిగా గలగలలాడాయి.

మంద మొత్తం లేచినట్టు... గోడకి ఒత్తుకున్నట్టు...

ఆ తరవాత — ఒక గంట ఆగింది.

బంతినె చెవులు రిక్కించాడు. ఆ ఆగిన గంట పెద్దది. ముందు నడిచే ముసలి గొర్రె మెడలోది. మందలోని ఒక్కొక్క గంట గొంతూ అతనికి తెలుసు. ఏది ఎవరి మెడలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలడు.

రెండోది ఆగింది. కుంటి గొర్రెది.

మూడోది...

"భలే చేస్తున్నారండీ," అని ఎర్మీనియా అతని చెవిలో గుసగుసలాడింది. "లోపల ఎవర్ని పెట్టారు?"

లోపల అతను ఎవర్నీ పెట్టలేదు.

ఒకటి తరవాత ఒకటి... తను చెప్పినట్టే... గంటలు ఆగిపోతున్నాయి. నోటికొచ్చిందల్లా కల్పించిన మాట ఎదురుగా నడిచి వస్తే, మనిషికి దేవుడూ గుర్తురాడు, దెయ్యమూ గుర్తురాదు. తను ఆడిన అబద్ధాలన్నీ గుర్తొస్తాయి.

చివరి గంట ఆగింది.

కొండ మీద ఎంత నిశ్శబ్దమంటే... పదిమంది ఊపిరి వినబడింది.

"దీపాలు ఆర్పండి," అన్నాడు బంతినె. గొంతు అతనిది కాదు.

ఒక్కొక్క దీపమే ఆరిపోయింది. చీకటికి కళ్ళు అలవాటుపడ్డాయి. దొడ్డి గోడ దగ్గర పొడుగాటి నల్లటి ఆకారం ఒకటి లేచింది.

"టోపీ పెట్టుకుంది," అంది ఎర్మీనియా. "దెయ్యాలకి టోపీ ఉంటుందా?"

"చిరిగు టోపీ లేకుండా గడప దాటేవాడు కాదమ్మా," అన్నాడు బంతినె.

ఇంకో రెండు ఆకారాలు లేచాయి.

"ముగ్గురున్నారు!"

"తమ్ముళ్ళు... ఇద్దరు తమ్ముళ్ళుండేవాళ్ళు."

"వాళ్ళూ మంచులోనే పోయారా?"

"అందరూ పోయారమ్మా, అందరూ..."

దొడ్డి తలుపు తెరుచుకుంది. చప్పుడు లేదు. తెల్లగా ఏదో బయటికి పారింది, ఒలికిన పాలలాగా. మంద. గొర్రె వెంట గొర్రె, గంట చప్పుడు లేకుండా, కొండ అవతలివైపుకి.

"బంతినె గారూ," అంది ఎర్మీనియా. ఈసారి ఆవిడ గొంతులో నవ్వు లేదు. "ఆ గొర్రెలు మీవే కదా? వాటిని ఎవరో తీసుకుపోతున్నారేమో... ఒక కేక వేయకూడదా?"

ఆ మాట అతని చెవిలో పడింది. గుండెలోకి కూడా దిగింది. అబద్ధం ఆడటం ఎందుకు — ఒక్క క్షణం అతనికి తెలిసింది. పీరాసు గుర్తొచ్చాడు. గోడకి జేరబడిన మనిషి గుర్తొచ్చాడు. కేక గొంతుదాకా వచ్చింది.

వెనక్కి తిరిగి చూశాడు. పది ముఖాలు చీకట్లో అతనివైపే తిరిగి ఉన్నాయి. నోళ్ళు తెరిచి. వాళ్ళ బతుకులో అంతకు ముందెప్పుడూ, ఎవరివైపూ అలా చూసి ఉండరు. కేక వేస్తే, అటునుంచి మనిషి గొంతు పలికితే — చిరిగు చచ్చిపోతాడు. ఈసారి నిజంగా చచ్చిపోతాడు. రేపటినుంచి ఓర్తుయి బురుజు మళ్ళీ 'పాతది' మాత్రమే.

కేక వేశాక అటునుంచి ఏ మనిషి గొంతూ పలకకపోతే? ఆ సంగతి అసలు తలుచుకోలేకపోయాడు.

"అవి మనుషులు కావు," అన్నాడు. "మోకాళ్ళ మీద కూర్చోండి. నాతోపాటు ప్రార్థించండి. కదలకండి."

కూర్చున్నారు. పంతులమ్మ కూడా, మోకాళ్ళ నొప్పి ఓర్చుకుని. బంతినె చచ్చినవాళ్ళ కోసం చేసే ప్రార్థన మొదలుపెట్టాడు. మిగతావాళ్ళకి ఆ మాటలు రావు. అయినా పెదవులు కదిపి గొణిగారు. ఆ గొణుగుడు లోయ దాటి అవతలికి వెళ్ళింది. కొండ అవతల తెల్లదనం కరిగిపోయేదాకా గొణుగుతూనే ఉన్నారు.

ఊళ్ళోకి దిగాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక్కొక్కరే వచ్చి అతని చేయి రెండు చేతులతో పట్టుకుని, మాట్లాడలేక వెళ్ళిపోయారు. ఎర్మీనియా మాత్రం, "పొద్దున్నే వెళ్ళి ఒకసారి దొడ్డి చూసుకోండి," అంది.

పొద్దున్నే! అప్పటికప్పుడే వెళ్ళాల్సింది. వెళ్ళలేదు. ఇంటికి వెళ్ళి దుప్పటి తలమీదికి లాక్కున్నాడు. పెరట్లో మురూ తాడు తెంపుకునేలా కొండవైపు తిరిగి రాత్రంతా మొరిగింది. "దెయ్యం కనబడింది దానికి," అనుకున్నాడు బంతినె. చెవులు మూసుకున్నాడు.

తెల్లారాక పాల బిందెతో దొడ్డికి వెళ్ళింది గ్రాస్సియా.

బంతినె వెళ్ళేసరికి ఆవిడ ఖాళీ దొడ్డి మధ్య నిలబడి ఉంది. ఏడవడం లేదు. వంగి, తలుపు దగ్గర నేల మీదనుంచి ఏదో తీసింది. పచ్చిగడ్డి. గుప్పెడంత, గట్టిగా నలిపి ఉండ చేసినది. ఇంకోటి గోడ పక్కన, ఇంకోటి దారి మీద. నడకలో జారిపడ్డవి.

"ఇదేంటో చెప్పు," అంది.

ఆ కొండల్లో పాలపళ్ళు ఊడని పిల్లాడు కూడా చెబుతాడు. మందని దొంగిలించేవాడు మొట్టమొదట చేసే పని అదే. గొర్రెని ఒడిసిపట్టి, మెడగంట తిరగేసి, లోపల పచ్చిగడ్డి కుక్కుతాడు. గంట నాలుక కదలదు, మోగదు. ఒక్కొక్క గొర్రెకే... ఒక్కొక్క గంటకే...

"వాళ్ళు ఏ వేళకి వచ్చి ఉంటారు?" అంది గ్రాస్సియా. "వేళ తెలిస్తే, దొంగలు ఎంత దూరం పోయుంటారో చూసుకుని పోలీసులు దారులు మూయిస్తారు. నువ్వు నిన్న సాయంత్రం ఇటు వచ్చావు కదా? గంటలు మోగుతున్నాయా అప్పుడు?"

చెప్పాలంటే చెప్పే మాట ఒక్కటే. కానీ ఆ మాట చెబితే మిగతాది కూడా చెప్పాలి. ఎదురుగా నిలబడి చూశానని. దీపాలు ఆర్పించానని. దొంగలకి దారి ఇచ్చి, వాళ్ళ ఆత్మశాంతికి ప్రార్థన కూడా చేయించానని.

"మోగుతున్నాయక్కా," అన్నాడు. "నేను వచ్చినంతసేపూ మోగుతూనే ఉన్నాయి."

పోలీసులకీ అదే చెప్పాడు. నడకవాళ్ళు పొద్దున్నే వెళ్ళిపోయారు గనక కాదనేవాళ్ళు లేరు. పోలీసులు మంద అర్ధరాత్రి దాటాక పోయుంటుందని లెక్కవేసి దగ్గరి దారులు మూశారు. గొర్రెలు అప్పటికే రెండు కొండలు దాటిపోయాయి. ఒక్కటి కూడా తిరిగి రాలేదు.

తరవాత నడకవాళ్ళ దగ్గరికి అతను వెళ్ళలేదు. గ్రాస్సియా ఎవరి వంటింట్లోనో పనికి కుదురుకుంది. బంతినె వసంతంలో ఊళ్ళు తిరిగి ఇతరుల గొర్రెలకి ఉన్ని కత్తిరించి బతికాడు. ఏళ్ళు గడిచాయి.

ఒక యేడు కొండల అవతలి ఊళ్ళో కత్తిరింపుకి పిలిచారు. ఆ రోజు పండగలాంటిది. ఇరుగుపొరుగు మగవాళ్ళంతా సాయానికి వస్తారు. ఇంటివాళ్ళు పల్చటి అప్పడంలాంటి రొట్టె, కాల్చిన మాంసం, నల్లటి వైను పెడతారు. కత్తెరలు ఆడుతుంటే పెద్దవాళ్ళు చెట్టుకింద కూర్చుని కబుర్లు చెబుతారు. అక్కడ లుస్సోరియు అనే ముసలాయన ఉన్నాడు. పళ్ళు లేవు, గొంతు మాత్రం బాగుంది.

"దెయ్యాలు లేవంటార్రా మీరు? మా ఊరివాళ్ళు ముగ్గురు కళ్ళారా చూశారు. నేను లేను సుమా, నాకు చెప్పారంతే," అన్నాడు లుస్సోరియు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు.

"ఎక్కడ తాతా?"

"లొడ్డునె దాటాక ఓర్తుయి బురుజు లేదూ? అక్కడ. ఏదో చిన్న పనిమీద వెళ్ళారు. రాత్రి పని."

మళ్ళీ నవ్వులు. బంతినె మోకాళ్ళ మధ్య గొర్రె ఉంది. కత్తెర ఆపలేదు.

"పని అయిపోవచ్చింది. తల ఎత్తి చూస్తే — ఎదురు కొండదారి మీద దీపాలు! వరసగా. చూస్తుండగానే ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఆరాక... నల్లటి ఆకారాలు మోకాళ్ళ మీద కూలబడ్డాయి. గొణుగుడు. ప్రార్థన! చచ్చినవాళ్ళ ఊరేగింపు రా అది. మా అమ్మ చెప్పేది, ఊళ్ళో పోయినవాళ్ళంతా దీపాలు పట్టుకుని రాత్రిపూట తిరుగుతారని. నేను... వాళ్ళు... బిగుసుకుపోయారు."

"గొర్రెల్ని వదిలేసి పరిగెత్తొచ్చు కదా?"

"కాళ్ళు రావద్దూ! గొర్రెలు కదిలాయి, వాటిని పట్టుకుని వీళ్ళూ కదిలారు. వీళ్ళు మందని తోలలేదు నాయనా, మందే వీళ్ళని తోలుకుపోయింది. ఆ ముగ్గురిలో ఒకడు ఇప్పటికీ దీపం లేకుండా పడుకోడు."

"బతికున్న మనుషులేమో తాతా?" అన్నాడు ఒకడు.

లుస్సోరియు వాణ్ణి జాలిగా చూశాడు.

"తన మంద కళ్ళముందు పోతుంటే మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేసే వెధవ బతికున్నవాళ్ళలో ఉంటాడుట్రా?"

అందరూ పగలబడి నవ్వారు.

"ఒక్కడు దగ్గి ఉంటే చాలు," అన్నాడు ముసలాయన, గొంతు తగ్గించి. "చచ్చినవాళ్ళకి దగ్గు రాదు కదా. మనుషులేనని తెలిసిపోయేది. ఆ గొర్రెల్ని అక్కడే వదిలేసి ముగ్గురూ సముద్రం దాకా పరిగెత్తేవాళ్ళు. ఒక్క దగ్గు..."

అప్పుడు కత్తెర ఆగింది. ఎగిరిన ఉన్ని నూగు బంతినె గొంతులో పడింది. దగ్గు తన్నుకొచ్చింది.

"ఏమయ్యా, నువ్వు ఆ వైపువాడివే కదా!" అని పిలిచాడు లుస్సోరియు. "చెప్పు, ఓర్తుయిలో చచ్చినవాళ్ళు తిరుగుతారా, తిరగరా?"

బంతినె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముఖం ఎర్రబడింది. రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుని, తిరుగుతారన్నట్టు తల ఊపాడు.